నైట్ షిఫ్టు వారం

వంటల పేజీ చూసుకుని, మిగతావి తిరగేస్తూ ఇక్కడిదాకా వచ్చారా? ఒక్క నిమిషం ఆగండి. పక్కన అత్తగారో, కాలేజీకెళ్ళే పిల్లాడో ఉంటే పత్రిక మూసేసి, మధ్యాహ్నం అందరూ కునుకు తీశాక చదువుకోండి. నేను చెప్పబోయేది అలాంటి సంగతి. అలాగని సిగ్గుపడాల్సిందేమీ కాదు. ఇంతకాలం సిగ్గుపడే మనం నష్టపోయాం.

నా పుట్టిల్లు నందిగామ. ఇంటర్ వరకు అక్కడే చదివి, పెళ్ళయ్యాక జగ్గయ్యపేట వచ్చాను. 2022లో మా ఊళ్ళు ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాయిగానీ, మావాళ్ళకి ఇప్పటికీ ఇది కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. మా వారిది సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. అత్తయ్యగారు మాతోనే ఉంటారు.

మా వంటింటి గోడకు ఒక క్యాలెండరు ఉంటుంది. పాలు ఎన్ని పోయించుకున్నదీ, గ్యాసు బండ ఎప్పుడొచ్చిందీ, చీటీ డబ్బు ఎప్పుడు కట్టాలో అన్నీ దాని మీదే రాసుకుంటాను. వాటితోపాటు మా వారికి నైట్ షిఫ్టు పడిన వారాలకు చిన్న చుక్క పెట్టేదాన్ని. “క్యారేజీ వేళకి కట్టాలని గుర్తు పెట్టుకుంటోంది, ఎంత శ్రద్ధో” అని అత్తయ్యగారు చుట్టుపక్కలవాళ్ళకి చెప్పి మురిసిపోయేవారు. అసలు సంగతి వేరు. ఆ వారం రాత్రిళ్ళు ఆయన ఇంట్లో ఉండరు. నేను భయం లేకుండా పడుకోవచ్చు. నాలుగేళ్ళపాటు నేను ఆ చుక్కల కోసమే ఎదురుచూశాను.

ఆయన చెడ్డవారని అనుకోకండి. చెయ్యెత్తిన మనిషి కాదు, మాట తూలిన మనిషీ కాదు. లోపం నాలోనే ఉందనుకున్నాను. అదేమిటో చెబుతాను వినండి.

2015లో నాకు ముప్పై ఏడేళ్ళు. నెలసరి వస్తే పది రోజులు ఆగేది కాదు. తెల్లబట్ట, నడుం నొప్పి సరేసరి. పక్కింటావిడ “ఇద్దరు పిల్లలున్నారుగా, ఇంకా ఆ సంచి ఎందుకమ్మా? తీయించేసుకుంటే పీడా పోతుంది” అంది. ఊళ్ళో సూదులేసే ఆయనా అదే అన్నాడు. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్కానింగ్ తీసి, “ఉంచితే ముందు ముందు క్యాన్సరు కావచ్చు” అన్నారు. ఆ మాట విన్నాక ఇంకేం ఆలోచిస్తాం? మా వారు సంతకం పెట్టారు, నేనూ పెట్టాను. మందులతో తగ్గుతుందా అని అడగాలని ఇద్దరికీ తోచలేదు.

ఆపరేషన్ అయ్యాక రక్తస్రావం బాధ పోయింది. దాని బదులు వేరేవి వచ్చాయి. పొయ్యి దగ్గర లేకపోయినా ఒళ్ళంతా ఆవిర్లు. రాత్రి రెండింటికి చెమటతో జాకెట్టు తడిసిపోయేది. ఊరికే ఏడుపు. మూత్రానికి వెళ్తే మంట. మూడు నెలలు గడిచాక ఆయనతో కలిసిన మొదటి రాత్రి నాకు ఇప్పటికీ గుర్తే. మా వైపు ఆడవాళ్ళం మిరపకాయలకి తొడిమలు తీసిన చేత్తో పొరపాటున కళ్ళు నులుముకుంటే ఎలా ఉంటుందో తెలుసు కదా? ఆ మంట లోపల. పళ్ళు బిగబట్టి ఓర్చుకున్నాను. రెండోసారికి ఆయన దగ్గరికి రాకముందే ఒళ్ళు బిగుసుకుపోయింది. బిగుసుకుంటే నొప్పి ఇంకా ఎక్కువ. నొప్పి ఎక్కువయ్యేకొద్దీ భయం ఎక్కువ. ఇక కోరిక అన్నమాట ఎక్కడిది?

తలనొప్పి అన్నాను, శనివారం అన్నాను, పిల్ల మేలుకుని ఉందన్నాను. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశారు. మంచం వరండాలో వేసుకున్నారు. “ఉక్కగా ఉంది” అన్నారు. అది డిసెంబరు నెల.

మా ఇంట్లో పోట్లాట లేదు. పోట్లాట ఉన్నా బాగుండేది. ఒకరినొకరు నొప్పించకుండా, ఒకే ఇంట్లో అద్దెకున్నవాళ్ళలా బతికాం. ఒకరోజు ఆయనే అన్నారు, నా మొహం చూడకుండా, “నేనంటే నీకు అసహ్యం పుట్టిందని తెలుసులే” అని. కాదని చెబుదామంటే, మరి ఏమిటో చెప్పడానికి నాకు మాట దొరకలేదు. నిజంగానే మాటలు లేవు. కూరలకి వంద పేర్లున్న మన భాషలో, ఈ నొప్పికి ఆడది నోరు తెరిచి చెప్పుకోదగ్గ పేరు నాకెవరూ నేర్పలేదు.

ధైర్యం చేసి మొదట ఒక డాక్టరు దగ్గర నసిగాను. “ఇద్దరు పిల్లల తల్లివి, ఇంకా ఎందుకమ్మా ఆ యావ, రామా కృష్ణా అనుకో” అని నవ్వేశారు. నాకు అప్పటికి నలభై నిండలేదు. ఇంటికొచ్చి బాత్‌రూములో కుళాయి తిప్పి ఏడ్చాను.

నన్ను మళ్ళీ కదిలించింది ఒక పాత జ్ఞాపకం. నందిగామలో ఇంటర్ చదివే రోజుల్లో విజయవాడ డాక్టర్ సమరం గారు స్వాతి వారపత్రికలో ఇలాంటి ప్రశ్నలకి జవాబులు రాసేవారు. అమ్మ ఆ పేజీ చదవనిచ్చేది కాదు. మా పిన్నీ నేనూ మేడ మెట్ల కింద కూర్చుని చదివేవాళ్ళం. అప్పుడు నవ్వుకోవడానికి చదివాం. నలభై దాటాక అర్థమైంది, ఆ ఉత్తరాలు రాసినవాళ్ళకి అది నవ్వులాట కాదని. అడిగితే జవాబు చెప్పే డాక్టర్లు ఉంటారని కూడా.

2019లో ఒకరోజు విజయవాడ బస్సెక్కాం. ఆయనకి “మూత్రం మంట చూపించుకోవాలి” అని మాత్రం చెప్పాను. నందిగామ దాటింది, కీసర దగ్గర మున్నేరు దాటింది, కంచికచర్ల దాటింది. పరిటాల ఆంజనేయస్వామి పెద్ద విగ్రహం కనిపించగానే మనసులో దణ్ణం పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నాను: “మీరంటే అసహ్యం కాదండీ. నాకు నొప్పి. భరించలేనంత నొప్పి.” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇబ్రహీంపట్నం దగ్గర “ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?” అన్నారు. తిట్టినట్టుగా లేదు. గొంతు పూడుకుపోయినట్టుంది.

అక్కడి లేడీ డాక్టరు చేసిన మొదటి పని నా పాత కాగితాలు చదవడం. తల ఎత్తి, “గర్భసంచితోపాటు రెండు అండాశయాలు కూడా తీసేశారమ్మా. నీకు చెప్పారా?” అని అడిగారు. నాకు తెలియదు. నాలుగేళ్ళు బీరువాలో, పట్టుచీరల కింద దాచుకున్న కాగితంలో ఉన్న సంగతి నాకే తెలియదు!

ఆవిడ బొమ్మ గీసి చెప్పారు. ఆడవాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది అండాశయాల్లో. యోని లోపలి పొరని మెత్తగా, తడిగా, సాగేలా ఉంచేది అదే. మన దేశంలో మామూలుగా నలభై ఆరు, నలభై ఏడేళ్ళకి ముట్లుడుగుతాయి. అండాశయాలు నిదానంగా తగ్గుతూ వస్తాయి కాబట్టి ఒళ్ళు కొంత అలవాటు పడుతుంది. రెండూ తీసేస్తే రాత్రికి రాత్రే ముట్లుడిగినట్టు. పొర పలచబడి, ఎండిపోయి, ముట్టుకుంటే మంట పుడుతుంది. మూత్రం మంట కూడా అందులో భాగమే. దీనికి డాక్టర్లు 2014లో ‘జెనిటోయూరినరీ సిండ్రోమ్ ఆఫ్ మెనోపాజ్’ అని పేరు పెట్టారు. ఆవిర్లు కొన్నేళ్ళకి తగ్గుతాయిగానీ, ఇది మందు లేకుండా దానంతటది తగ్గడం అరుదు. ఆ పేరు నాకు నోరు తిరగలేదు. కానీ పేరంటూ ఒకటుందని తెలిస్తేనే సగం బరువు దిగింది. నేను మొండిదాన్నీ కాదు, చల్లబడిపోయినదాన్నీ కాదు. నాది జబ్బు.

ఇక వైద్యం సంగతి. శ్రద్ధగా చదవండి, మీకు కాకపోయినా మీ అక్కచెల్లెళ్ళకి పనికొస్తుంది.

ముందు మాన్పించినవి చెబుతాను. శుభ్రం పేరుతో నేను సబ్బుతో, అప్పుడప్పుడు డెట్టాల్ నీళ్ళతో లోపల కడిగేదాన్ని. అవి వద్దన్నారు. పొర ఇంకా ఎండిపోతుందట. బయట మామూలు నీళ్ళతో కడుక్కుంటే చాలు. పెరుగు, పసుపు, వేపాకు రసం లాంటివేవీ లోపల పెట్టొద్దన్నారు.

తర్వాత, కలయిక సమయానికి రాసుకునే జెల్. నీటితో తయారైనది మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. రాపిడి తగ్గిస్తుంది. అది వేరు, వారానికి రెండు మూడుసార్లు తడి నిలవడానికి వాడే మాయిశ్చరైజర్ వేరు. కొంతమంది కొబ్బరినూనె వాడతారు. కానీ నిరోధ్ వాడేవాళ్ళు నూనె ముట్టుకోకూడదు, రబ్బరు చిరుగుతుంది.

అసలు మందు ఈస్ట్రోజన్ క్రీము. యోని లోపల కొద్దిగా రాసుకోవాలి. నాకు మొదటి రెండు వారాలు రోజూ రాత్రి పడుకోబోయేముందు, తర్వాత వారానికి రెండుసార్లు రాశారు. మొదటి వారం ఇంకా మంట పుట్టి మానేద్దామనుకున్నాను. ఫోన్ చేస్తే “పొర పలచగా ఉంది కదమ్మా, కొద్దిరోజులు ఓపిక పట్టు” అన్నారు. ఇది తలనొప్పి బిళ్ళలా గంటలో పనిచేసేది కాదు. వారాలు పడుతుంది, కొందరికి మూడు నెలలు కూడా. నాకు ఆరో వారానికి మూత్రం మంట పోయింది. అప్పుడు నమ్మకం కుదిరింది. రొమ్ము క్యాన్సరు వచ్చినవాళ్ళు, కారణం తెలియకుండా రక్తం కనిపిస్తున్నవాళ్ళు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. పక్కింటావిడ ట్యూబు అడిగి తెచ్చుకునే రకం మందు కాదిది.

నలభై ఐదేళ్ళ లోపే అండాశయాలు పోయినవాళ్ళకి, అడ్డంకులేమీ లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఒంటికంతటికీ హార్మోను ఇస్తారు. ఎముకలు గుల్లబారకుండా కూడా అది కాపాడుతుంది. బీపీ, రొమ్ము పరీక్షలు చేయించి నాకూ మాత్రలు మొదలుపెట్టారు. గర్భసంచి లేదు కాబట్టి ఈస్ట్రోజన్ ఒక్కటే. గర్భసంచి ఉన్నవాళ్ళకి దానితోపాటు ఇంకో హార్మోను తప్పనిసరిగా కలపాలి. ఏటా చూపించుకోవాలి.

నాలుగోది వ్యాయామం. అడుగు కండరాలని, అంటే మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలని, బిగించి వదలడం. నాలాగా భయంతో బిగుసుకుపోయేవాళ్ళకి బిగించడం కంటే వదలడం ముఖ్యమట. ఊపిరి మెల్లగా విడుస్తూ ఆ చోటు వదులు చెయ్యాలి. కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ వంటింట్లోనే నేర్చుకున్నాను, ఎవరికి తెలుస్తుంది?

కొత్తగా పెళ్ళయిన అమ్మాయిల్లో కొందరికి ఈ బిగుసుకోవడం మొదటినుంచీ ఉంటుంది. కలయికే సాధ్యం కాదు. దాన్ని వెజైనిస్మస్ అంటారు. “పిల్లకి మొగుడు నచ్చలేదు” అని పెద్దమనుషుల్లో పెట్టేస్తారు పాపం. సన్నవాటి నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా లావుపాటివి వాడే డైలేటర్లు అనే సాధనాలతో, ఫిజియోథెరపీతో, కౌన్సెలింగ్‌తో చాలామందికి నయమవుతుంది. బలవంతం చేస్తే మాత్రం ముదురుతుంది.

అయిదోది నాకు మందుల కంటే ఎక్కువ మేలు చేసింది. రెండోసారి మా వారిని కూడా లోపలికి పిలిచి, “ఆరు వారాలు కలయిక మాటే ఎత్తొద్దు. పక్కన కూర్చోండి, చెయ్యి పట్టుకోండి, వీపు నిమరండి, అంతే” అన్నారు. ఏదో వింతగా అనిపించిందిగానీ, మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1970లో పుస్తకం రాసి చెప్పిన పద్ధతట ఇది. ఏమీ జరగదని ముందే తెలుసు కాబట్టి నాకు భయం లేదు. చాలా ఏళ్ళ తర్వాత ఆయన చెయ్యి నా తల మీద పడితే ఒళ్ళు బిగుసుకోలేదు. వరండాలోని మంచం లోపలికొచ్చింది.

కోరిక తగ్గడానికి వేరే కారణాలూ ఉంటాయి. థైరాయిడ్, షుగరు, రక్తం తక్కువగా ఉండటం, దిగులుకి వాడే కొన్ని మాత్రలు, కొన్ని బీపీ మందులు. అలాగని మీ అంతట మీరు మాత్రలు ఆపేయకండి, డాక్టరుకి చెబితే మారుస్తారు. కాన్పు కుట్లు మానక, ఇన్‌ఫెక్షన్ వల్ల, ఎండోమెట్రియోసిస్ వల్ల కూడా నొప్పి రావచ్చు. అందుకే ముందు పరీక్ష, తర్వాతే మందు.

‘ఆడవాళ్ళ వయాగ్రా’ అని ప్రకటనలు చూస్తుంటాం. 1998లో వచ్చిన వయాగ్రా మగవాళ్ళ మందు. ఆడవాళ్ళకి దాన్ని అనుమతించలేదు. అమెరికాలో 2015లో ఫ్లిబాన్సెరిన్ మాత్ర, 2019లో బ్రెమెలనోటైడ్ ఇంజెక్షను అనుమతి పొందాయి. అప్పట్లో వాటిని అనుమతించింది ముట్లుడగని ఆడవాళ్ళలో వేరే కారణం లేకుండా కోరిక పోయినవాళ్ళ కోసం. లాభం కొంతే, తల తిరగడం, వికారం లాంటి ఇబ్బందులున్నాయి. నాలాంటి నొప్పికి అవి మందులు కావు. లేజరుతో యోనిని ‘పడుచు చేస్తాం’ అనేవాళ్ళ గురించి 2018లో అమెరికా ఔషధ సంస్థే హెచ్చరించింది. టీవీలో చూసి నేను రహస్యంగా తెప్పించుకున్న పొడి మాత్రం చివరికి చెత్తబుట్టలోకి పోయింది.

ఇదంతా విని “మరి అంతా మునుపటిలా అయిపోయిందా?” అని మీరడిగితే, లేదనే చెబుతాను. ముప్పైల్లో ఉన్నట్టు లేదు. కోరిక తనంతట తాను తలుపు తట్టి రాదు. పిలిస్తే వస్తుంది, కొన్నిసార్లు రాదు. రాని రోజున “ఈరోజు వద్దండీ” అని చెప్పగలను. ఆయన “సరేలే” అని అటు తిరిగి గురక పెట్టగలరు. తలనొప్పి అబద్ధాలు లేవు.

మూడేళ్ళ కిందట నందిగామలో ఉండే మా తోడికోడలు ఫోన్ చేసింది. “అక్కా, తెల్లబట్ట ఎక్కువైంది, సంచి తీసేస్తామంటున్నారు. ఎల్లుండే” అంది. దానికి ముప్పై అయిదు. “ఆగు, నేనొస్తున్నా” అని బస్సెక్కేశాను. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, నేను అడగలేకపోయిన ప్రశ్నలన్నీ దాని తరఫున అడిగాను. మందులతో తగ్గదా? సంచి తీయక తప్పదా? తీస్తే అండాశయాలు ఉంచుతారా? తర్వాత కాపురం మాటేమిటి? చివరి ప్రశ్నకి మా తోడికోడలు నా చెయ్యి గిల్లింది. డాక్టరు మాత్రం చక్కగా జవాబు చెప్పారు. అది ఇన్‌ఫెక్షన్ అని తేలింది. భార్యాభర్తలిద్దరికీ మందులిచ్చారు, తగ్గిపోయింది. సంచి దాని ఒంట్లోనే ఉంది.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తం మీద అది నూటికి 3. అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చెయ్యాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. ఆపరేషన్ తప్పనిసరైనవాళ్ళూ ఉంటారు, వాళ్ళని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అడిగి తెలుసుకుని చేయించుకోండి అంటున్నాను. ఇప్పటికే చేయించుకున్నవాళ్ళు బీరువాలో కాగితం ఉంటే ఒకసారి తీసి చదివించుకోండి.

డాక్టరు దగ్గర మాట పెగలకపోతే నేను రాసుకెళ్ళినట్టు చీటీ మీద రాసుకెళ్ళండి: “కలయికలో నొప్పి. ఎండిపోయినట్టుంది. ఎప్పటినుంచి ఉందంటే...” అంతే చాలు. ఆ డాక్టరు నవ్వితే లేచి వచ్చేయండి, ఇంకో డాక్టరు ఉంటారు. నేను నాలుగేళ్ళు పోగొట్టుకున్నాను. మీరు నాలుగు నెలలు కూడా పోగొట్టుకోకండి.

మా వంటింటి క్యాలెండరు మీద ఇప్పుడు పాలు, గ్యాసు, చీటీ మాత్రమే ఉన్నాయి. మొన్న అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుంటూ “ఏమ్మా, ఈమధ్య వాడి నైట్ షిఫ్టు గుర్తు పెట్టడం లేదేం?” అని అడిగారు.

“గుర్తుంటోందిలెండి అత్తయ్యా” అన్నాను.